పొట్లకాయకు చెప్పిన ధన్యవాదం

ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు బయట గోడకున్న కీ సేఫ్ మూత తెరుచుకున్న చప్పుడైంది. అందులోంచి తాళంచెవి తీసుకుని, నా భార్యను చూసుకునే కేరర్ తనే తలుపు తెరుచుకుని లోపలికి వచ్చింది. నా జ్ఞాపకశక్తి గొప్పదై ఈ టైము చెప్పడం లేదు. కేరర్లు వచ్చిన నిమిషాన్నీ వెళ్ళిన నిమిషాన్నీ మంచం పక్కనుండే ఫోల్డర్‌లో రాయాలి. ఆ ఫోల్డర్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ రోజు కాగితం మీద 7.10 అని ఆమె చేతిరాతలో ఉంది. పక్కన చేసిన పనులున్నాయి: మొహం కడగడం, పక్కబట్టలు మార్చడం, మందులు. కాఫీ సంగతి లేదు. ఇళ్ళలో ఏమీ పుచ్చుకోకూడదని ఏజెన్సీ నియమం.

నా భార్యకు నరాల జబ్బు. మొదట వేళ్ళు, తర్వాత చేతులు, తర్వాత కాళ్ళు పనిచేయడం మానేశాయి. మాట మాత్రం చివరి వారం దాకా ఉంది. మాది ఇంగ్లండులో, స్టీవెనేజ్‌లో చిన్న ఇల్లు. ముందుగదిలో సోఫా తీసేసి, ఆసుపత్రి వాళ్ళిచ్చిన మంచం వేసుకున్నాం. నేను ఉద్యోగం మానేశాను. కేరర్లు రోజుకు నాలుగుసార్లు వచ్చేవాళ్ళు. డ్యూటీల రోటా ప్రకారం మనుషులు మారుతుండేవాళ్ళు గానీ, పొద్దుటిపూట ఎక్కువగా ఆమే వచ్చేది. ఆమెది జింబాబ్వే. యాభై దాటిన మనిషి. అక్కడ పదహారేళ్ళు హైస్కూల్లో పాఠాలు చెప్పి వచ్చింది. ఈ సంగతి ఆమె అంతట ఆమె చెప్పలేదు, నా భార్య అడిగి రాబట్టింది. వాళ్ళిద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళు. నా భార్య ఇంగ్లీషులో సగం తెలుగే ఉండేది. నేనిక్కడ అంతా తెలుగులోనే రాస్తున్నాను.

పని అయ్యాక ఆమె కోటు తొడుక్కుంటుంటే నా భార్య వంటింటి వైపు కేకేసింది.

"ఏవండీ, ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చారా?"

"రూల్ ఒప్పుకోదటే."

"రూల్ తాగుతుందా కాఫీ? పట్రండి. పొద్దున్నే అయిదింటికి లేచి బస్సెక్కి వచ్చిన మనిషి."

తెచ్చాను. ఆమె కొంచెం తటపటాయించి, నిలబడే తాగింది. కప్పు బల్ల మీద పెట్టి, నా వైపు కాక నా భార్య వైపు తిరిగింది. మోకాళ్ళు కాస్త వంచి, రెండు అరచేతులు దొప్పల్లా చేసి మెల్లగా మూడుసార్లు తట్టింది. ఏదో అనబోయి ఆగింది.

"అమాయ్, మీ జంతువేమిటి?"

అమాయ్ అంటే వాళ్ళ భాషలో అమ్మ.

"జంతువా?" అంది నా భార్య.

"మా దగ్గర ప్రతి ఇంటికీ ఒకటుంటుంది. ఎవరైనా ఏదైనా పెడితే ఉత్త థాంక్యూ సరిపోదు. దాని పేరుతో పిలిచి, వాళ్ళ వంశం సంగతులు చెప్పి థాంక్స్ చెప్పాలి. లేకపోతే అన్నం తిని మూతి తుడుచుకుని పోయినట్టే. మీ జంతువు తెలియకుండా నేను మీకెలా చెప్పను?"

"మాకలాంటివి లేవమ్మాయ్."

"మీ ఇంట్లో ఏం తినరు? అందరూ తినేది, మీరు మాత్రం తిననిది?"

నా భార్య ఆలోచించింది. ఆమె పుట్టిల్లు గోదావరి జిల్లా. "పొట్లకాయ," అంది. "మా పుట్టింట్లో పొట్లకాయ అచ్చి రాదు. పాదు పెడతాం, ఊరందరికీ పంచుతాం, మేం మాత్రం వండుకోం. ఎందుకని అడగకు, మా నాయనమ్మకి కూడా తెలీదు."

నేను ఫోన్లో పొట్లకాయ బొమ్మ చూపించాను. ఆమె చూసి కడుపు పట్టుకుని నవ్వింది. "కూరగాయ! యాభై ఏళ్ళలో నేను కూరగాయకి థాంక్స్ చెప్పలేదు అమాయ్. సింహాలకి చెప్పాను, చేపలకి చెప్పాను." తనది గుండె అని చెప్పింది. ఏ జంతువు గుండె అయినా సరే వాళ్ళింట్లో తినరు. తర్వాత నన్ను చూపించి, "మరి ఈయనది?" అని అడిగింది.

"ఈయనది పుస్తకం," అంది నా భార్య. "కొరుక్కు తినరు కాబట్టి సరిపోతుంది."

ఆ పొద్దున ఆమె చెప్పింది ఒక్క ముక్కే. "మైతా, పొట్లకాయా." మైతా అంటే మేలు చేశారని. నా భార్య పొట్లకాయ అన్న తీరును చెవితో పట్టుకుని అలాగే అంది. మంచంలో ఉన్న మనిషి, చేతులు లేవని మనిషి, ఎవరో తనకు బాకీ పడ్డట్టుగా గంభీరంగా తలూపింది.

అక్కడినుంచి అది పెరిగింది. కాఫీ ఇచ్చిన ప్రతిసారీ ఒక వరుస కలిసేది. వరుసకు కావలసిన సంగతి నా భార్య ఇచ్చేది. పొట్లకాయ వంకర తిరక్కుండా చివర దారంతో చిన్న రాయి కడతారని చెప్పింది. దాని పువ్వు పొద్దు వాలాక పూస్తుందని, అంచులు దారాల్లా విడిపోయి ఉంటాయని చెప్పింది. పందిరి కింద వంగకుండా నడిస్తే నెత్తికి తగులుతుందని చెప్పింది. ఆమె శ్రద్ధగా విని, మర్నాడు తన భాషలో ఒక వరుస తెచ్చేది. ముందు దాన్ని చెప్పి, తర్వాత ఇంగ్లీషులో అర్థం చెప్పేది. నా భార్య ఒప్పుకుంటే ఉండేది, లేకపోతే పోయేది. "నాగుపాము లాంటిదానా" అని ఒకసారి తెచ్చింది. "అది వద్దు," అంది నా భార్య. "పొట్లకాయని పొట్లకాయలా ఉండనీ."

చివరికి ఎనిమిది వరుసలయ్యాయి. నేను వాటిని నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్నాను.

మైతా, పొట్లకాయా.
చివర రాయి కట్టించుకుని తిన్నగా పెరిగినదానా.
పొద్దు వాలాక పూసేదానా.
పందిరి కింద వంగని వాళ్ళ నెత్తిన తగిలేదానా.
ఊరికి పంచి తను ముట్టనిదానా.
చేతులు లేవకపోయినా పెట్టేదానా.
నీళ్ళు కాగేదాకా నన్ను నిలబెట్టి మాట్లాడించేదానా.
పెట్టావు, తిన్నాను, పొట్లకాయా.

నలభై ఏళ్ళుగా కవిత్వం చదువుతున్నాను. దీంట్లో అబద్ధం ఒక్కటి లేదు. నేను చదివిన వాటిలో ఆ మాట అనగలిగినవి చాలా తక్కువ.

నవంబరులో నా భార్య పోయింది. ఆ సాయంత్రానికి నా ఫోన్లో దాదాపు వంద మెసేజ్‌లున్నాయి. గులాబీలు, కదిలే దీపాలు, తామరపువ్వుల మధ్య చేతులు జోడించిన బొమ్మలు. దివ్యలోకాలకు ఏగిన దేవత అని ఒకరు రాశారు. ఆ మనిషి మా ఇంటికి ఒక్కసారి వచ్చాడు, సాంబారులో ఉప్పు తక్కువైందని చెప్పి వెళ్ళాడు. ఒకే కవితను నలుగురు వేరువేరుగా పంపారు, కింద నలుగురూ తమ సంతకాలే పెట్టుకున్నారు. చదువుతుంటే తేనెలో పడ్డ ఈగను నోట్లో పెట్టుకున్నట్టుండేది.

కేరర్ మూడో రోజు డ్యూటీ లేనప్పుడు వచ్చింది. వంటింట్లో కూర్చుంది. కాఫీ ఇచ్చాను. తాగి కప్పు పెట్టి, అరచేతులు తట్టబోయి ఆగిపోయింది.

"ఇప్పుడు చెప్పకూడదు," అంది. "ఆవిడ దారిలో ఉంటుంది. ఇప్పుడు పిలిస్తే వెనక్కి తిరుగుతుంది. మా దగ్గర ఏడాది తిరిగాక చనిపోయినవాళ్ళని ఇంటికి పిలుస్తాం. ఆ రోజు చెబుతాను. మొత్తం, మొదటినుంచి."

"మాకూ ఏడాదికి ఒకటుంది," అన్నాను.

"మంచిది. రోటాలో సెలవు అడిగి పెట్టుకుంటాను."

ఆ ఏడాదంతా నేను ఎదురుచూసింది ఆ ఒక్క రోజు కోసమే. పురోహితుడు చెప్పే గోత్రం నా భార్యది కాదు, నాది. మెసేజ్‌ల్లో దేవత ఆమె కాదు. ఆమెను ఆమెగా పిలిచే మాటలు ఈ దేశంలో ఒక మనిషి నోట్లో ఉన్నాయి. ఆ మాటలు ఈ ఇంట్లో ఇంకొక్కసారి వినపడాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

ఇంత తెలిసీ, దాన్ని పాడుచేసింది నేనే.

ఫిబ్రవరిలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ సంఘం సెక్రటరీ ఫోన్ చేశాడు. నేను ఇంజనీరును, అయినా పుస్తకాలు చదువుతానని నన్ను మాష్టారూ అంటాడు.

"మాష్టారూ, ఈసారి ఉగాది కవి సమ్మేళనంలో ఏదైనా డిఫరెంట్‌గా పెడదామండీ. ఏటా అదే కోయిల, అదే మామిడిపూత. జనం ఫోన్లు చూసుకుంటున్నారు. మీరూ కాస్త బయటికి రావాలి కదా. మేడమ్ గారు పోయాక ఇంట్లోనే ఉండిపోయారు."

ఏటా ఆ కోయిలను వింటూ వెనక వరసలో కూర్చుని అసహ్యించుకున్నవాణ్ణి నేను. అసలు కవిత్వం ఇలా ఉంటుందని ఒకసారి వీళ్ళకు వినిపించాలనుకున్నాను. నా భార్య మీద ప్రేమతో అనుకున్నానని చాలాకాలం నమ్మాను. అందులో ప్రేమ ఎంతో, నా దగ్గరున్నది వాళ్ళ దగ్గర లేదన్న గొప్ప ఎంతో ఇప్పుడు చెప్పగలను. గొప్పే ఎక్కువ.

కేరర్‌ను అడిగితే వద్దంది.

"ఏడాది కాలేదు. అక్కడ ఆవిడ పెట్టింది ఏముంది, నేను తిన్నది ఏముంది? ఎందుకు చెబుతున్నట్టు?"

"ఇది పిలవడం కాదు. వినిపించడం మాత్రమే. రెండూ వేరు," అన్నాను. పుస్తకాల్లో ఇలాంటి తేడాలు చాలా చదివాను.

"మీరు అడుగుతున్నారు. మీరు ఆవిడ భర్త. కాదనడం నాకు కష్టం," అంది చివరికి. "అయితే రెండు సంగతులు. నేను ముగించేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు. పొట్లకాయ పేరు తీయకూడదు. అది ఉంటేనే అది ఆవిడది."

సరేనన్నాను. ఆ వారమంతా కూర్చుని తెలుగు అనువాదం తయారుచేశాను. నోట్‌బుక్‌లో ఉన్నదాన్ని చదివితే చాలు. కాని చదివి చూసుకుంటే పొట్లకాయ దగ్గర నాకే హాల్లో నవ్వు వినపడింది. నవ్వుతారు, ఖాయం. పెన్సిల్‌తో కొట్టేసి నాగలత అని రాశాను. నాగలత వచ్చాక రాయి నిలవలేదు, రాయి కట్టిన దారం శిలాహారమైంది. నెత్తిన తగలడం మోటుగా ఉందని దీవెన చేశాను. చివరికి "ఓ నాగలతా, కానల వెలసిన కరుణాలతా" అని మొదలయ్యే పద్దెనిమిది పంక్తులు తయారయ్యాయి. కాఫీ లేదు. చేతులు లేవని మనిషి లేదు. పైకి చదువుకుంటే బాగుందనిపించింది.

ఉగాది శనివారం మధ్యాహ్నం, కమ్యూనిటీ సెంటర్లో. ఆమె పొద్దుటి డ్యూటీ ముగించుకుని బస్సులో వచ్చింది. కోటు కింద కేరర్ యూనిఫాం అలాగే ఉంది. నేను తలుపు దగ్గర కనిపెట్టుకుని ఉండాల్సింది. కవుల వరసలో నా కుర్చీ మీద పేరున్న కాగితం ఉంటే వెళ్ళి కూర్చున్నాను. నేను చూసేసరికి సెక్రటరీ ఆమె భుజాల మీద చిరుతపులి మచ్చల గుడ్డ ఒకటి కడుతున్నాడు.

"ఇదేంటండీ?" అన్నాను.

"థీమ్ అండీ మాష్టారూ. మా ఆవిడ పార్టీ షాపులో తెచ్చింది. యూనిఫాంలో ఏం బాగుంటుంది చెప్పండి."

ఆమె నా వైపు చూసింది. నేను గుడ్డ వైపు చూసి, తల ఊపాను. ఆ ఊపడానికి అర్థమేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆమె సరేనన్నట్టుగా తీసుకుంది.

ముందు ఏడుగురు కవులు చదివారు. కోయిల అయిదుసార్లు వచ్చింది. తర్వాత యాంకర్ మైకు అందుకుంది.

"ఇప్పుడు మన స్టేజ్ మీదికి ఒక వెరీ స్పెషల్ గెస్ట్! ఆఫ్రికా అడవుల్లోంచి నేరుగా మన స్టీవెనేజ్‌కి! గట్టిగా చప్పట్లు!"

నా వెనక ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"సింహాలు కూడా వస్తాయేంట్రా?"

"ముందు బిర్యానీ రానీరా బాబూ. ఒంటిగంటన్నారు, రెండున్నరైంది."

"ఈవిడ మాష్టారి వైఫ్‌కి పనిచేసిన నల్లావిడ కదూ?"

"ఆ, ఆవిడే. పాపం, ఈయన కవయిత్రిని చేసేశాడు."

ఆమె మైకు ముందు నిలబడింది. మోకాళ్ళు వంచి, అరచేతులు దొప్పలు చేసి తట్టింది. వెంటనే స్పీకర్లలోంచి డ్రమ్ములు మోగాయి. ఎవరో ఇంటర్నెట్ నుంచి తెచ్చిన ట్రాక్. ఆమె ఉలిక్కిపడి చుట్టూ చూసింది, డ్రమ్ములు వాయించేవాళ్ళ కోసం. ఎవరూ లేరు. ముందు వరసలో పిల్లలు ఆ దరువుకు లేచి గెంతడం మొదలుపెట్టారు. తల్లులు ఫోన్లెత్తారు. అరచేతుల చప్పుడు అందులో కలిసిపోయింది. ఆమె ఒక క్షణం ఆగి, డ్రమ్ము మీద గొంతు పెంచి మొదలుపెట్టింది.

"మైతా, పొట్లకాయా."

హాలు ఘొల్లుమంది.

"ఏంటీ? పొట్లకాయా?"

"పెరుగు పచ్చడా, పాలు పోసిన కూరా?"

"ఆఫ్రికాలో కూడా పొట్లకాయేనా, ఖర్మ!"

ఆ నవ్వులో నేను లేవాలి. లేచి, ఇది నా భార్య సంగతి, నవ్వకండి అని రెండు మాటలు చెప్పాలి. తెలుగులో చెబితే వాళ్ళు ఆగేవాళ్ళు. మరీ చెడ్డవాళ్ళు కారు. నా భార్య చేతి కాఫీ తాగినవాళ్ళు అందులో ముప్ఫై మంది ఉంటారు. నేను లేవలేదు. పొట్లకాయ నా భార్య అని అంతమందిలో చెప్పడానికి సిగ్గేసింది. ఒళ్ళో కాగితం ఉంది, అందులో నాగలత ఉంది, నా వంతు వచ్చాక అంతా సర్దుకుంటుందనుకున్నాను.

ఆమె నాలుగో వరుస దాకా వచ్చేసరికి యాంకర్ పక్కకొచ్చి, టైము లేదన్నట్టు నవ్వుతూ చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టింది. ఆమె నోరు తెరిచే ఉంది. ఊరికి పంచడం, లేవని చేతులు, నీళ్ళు కాగడం, పెట్టావు తిన్నాను అనడం, ఏదీ రాలేదు. సెక్రటరీ పులిమచ్చల గుడ్డ మీదే శాలువా కప్పి, పెట్టెలో ఉన్న ప్లాస్టిక్ కలశం చేతిలో పెట్టాడు.

తర్వాత నన్ను పిలిచారు. నేను చదివాను. ఎవరూ నవ్వలేదు. నాగలత దగ్గర ఎవరో వహ్వా అన్నారు. పద్దెనిమిది పంక్తులూ పూర్తిగా చదవనిచ్చారు. చప్పట్లు కొట్టారు. అవి నాకు నచ్చాయి. కిందికి దిగాక ఒక పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "అసలు కంటే మీదే బాగుంది" అన్నాడు. అప్పటికే జనం పేపరు ప్లేట్లతో లైను కట్టారు. నూనె వాసన, తడి కోట్ల వాసన, సెంటు వాసన కలిసి వచ్చాయి. ప్లేటు తీసుకోకుండా బయటికి నడిచాను.

ఆమె తినలేదు. బస్ స్టాప్ దగ్గర కనపడింది. గుడ్డ, శాలువా మడతపెట్టి కలశం పెట్టె మీద పెట్టుకుంది.

"ఇవి నాకెందుకిచ్చారు?" అని అడిగింది. "నేను వాళ్ళకేం పెట్టానని?"

"మర్యాద కోసం. అలా ఇస్తారు."

"మీరు చదివినదాంట్లో పొట్లకాయ వినపడలేదు."

"వేరే మాట పెట్టాను. కొంచెం అందంగా ఉంటుందని."

"మీ భాష నాకు రాదు. ఆ ఒక్క మాటే తెలుసు. మొదటినుంచి చివరిదాకా దానికోసమే విన్నాను." ఆమె గొంతులో కోపం లేదు. క్లాసులో పిల్లవాడి లెక్క ఎక్కడ తప్పిందో చూస్తున్న టీచరులా ఉంది. "ఒకరికి చెప్పాల్సింది ఇంకొక పేరుతో చెబితే మా దగ్గర అది ఎవరికీ చేరదంటారు. ఇంతకీ మీరు ఎవరికి చెప్పారు?"

బస్సు వచ్చింది. పెట్టెను నా చేతిలో పెట్టి ఎక్కింది.

నెల తిరక్కుండా ఎడిన్‌బర్గ్‌నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది. మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పే పిల్ల.

"డాడ్, వై ఈజ్ మమ్స్ థింగ్ ఆన్ ఎ బిర్యానీ యాడ్?"

పంపింది. చూశాను. కేటరింగ్ చేసే ఒకాయన పెట్టిన ఇరవై సెకన్ల వీడియో. డ్రమ్ములు, ఆమె గొంతులో మైతా పొట్లకాయా అన్న ముక్క, మళ్ళీ మళ్ళీ. గొంతును సాగదీసి కీచుగా మార్చారు. ఆ దరువుకు ఒక గరిట పెద్ద గిన్నెలో తిరుగుతోంది. చివర నా గొంతు, కరుణాలతా అని. దాని మీద నాటు మటన్ అని మెరిసే అక్షరాలు. కింద నవ్వే బొమ్మలు వందల్లో. ఫోన్‌ను బోర్లా పెట్టి, సింకు దగ్గరికెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాను.

సెక్రటరీకి ఫోన్ చేశాను.

"తీయించమంటారా? మాష్టారూ, అది అన్ని గ్రూపుల్లో తిరుగుతోందండీ. జనం ఎంజాయ్ చేస్తున్నారు."

"అది నా భార్య గురించి చెప్పిందండీ. ఆ పొట్లకాయ నా భార్యే."

"అయ్యో, మేడమ్ గారి గురించా? ఆ సంగతి స్టేజ్ మీద మీరు ఒక్కమాట అన్నారు కాదు. మాకెలా తెలుస్తుందండీ? తెలిస్తే అలా చేస్తామా?"

అతని మీద అసహ్యం ఉంది నాకు, ఇప్పటికీ ఉంది. కాని ఆ మాటలో తప్పు లేదు. వీడియో వారానికి తీసేశారు. అప్పటికి ఎవరి ఫోన్లలో వాళ్ళకుంది.

నవంబరులో ఏడాది తిరిగింది. తిథి ప్రకారం జరగాల్సింది పొద్దునే జరిగిపోయింది. మా అమ్మాయి ముందు రోజే రైల్లో వచ్చింది. కేరర్ వస్తుందని నేను అనుకోలేదు, కాని చెప్పిన మాట ప్రకారం సెలవు పెట్టుకుని వచ్చింది. తలకు ముదురు నీలం గుడ్డ కట్టుకుంది. వంటింట్లోనే ముగ్గురం తిన్నాం. అన్నం, పప్పు, వంకాయ కూర, నా భార్య పెట్టే తీరున కాఫీ. ఆమె కాఫీ తాగి కప్పు బల్ల మీద పెట్టింది. కుర్చీలోంచి లేచి, ఒకప్పుడు మంచం ఉన్న వైపు తిరిగింది. మోకాళ్ళు వంగాయి. అరచేతులు దగ్గరికొచ్చాయి.

అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

అరచేతులు తట్టింది, ఒకటి, రెండు. మూడోది తట్టలేదు. చేతులు దించింది.

"రావడం లేదు," అంది. "బస్సులో కూడా ప్రయత్నించాను. మొదటి మాట అనగానే ఆ డ్రమ్ము వస్తుంది. తర్వాత వాళ్ళ నవ్వు వస్తుంది. నాలుగో వరుస దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాతవి నాకు తెలుసు, నోటికి రావడం లేదు. ఇలా సగంతో పిలిస్తే ఆవిడ ఎక్కడికి రావాలి?"

"చదివితే?" అన్నాను. "నోట్‌బుక్‌లో ఉంది."

"చదివి ఎవరినీ పిలవం." నా వైపు తిరిగింది. "మీరు చెప్పండి. మీ భాషలో. ఆవిడ పెట్టిన అన్నం మీరే ఎక్కువ తిన్నారు."

నిజమే. ముప్ఫై ఒక్క ఏళ్ళు తిన్నాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. లేచి నిలబడ్డాను. మంచం ఉన్న చోట ఇప్పుడు సోఫా ఉంది. దాని వైపు తిరిగి నోరు తెరిచాను. నోటికి వచ్చిన మొదటి మాట నాగలత. దాన్ని మింగాను. వెనకే కరుణాలత వచ్చింది. పొట్లకాయ అన్న మాట కోసం వెతుక్కుంటుంటే గరిట, గిన్నె, మెరిసే అక్షరాలు. నా నోట్లోంచి నాకే పాచివాసన వచ్చినట్టయింది. కూర్చున్నాను.

అమ్మాయి "ఇట్స్ ఓకే, డాడ్" అంది. ఓకే కాదని మా ముగ్గురికీ తెలుసు.

వెళ్ళేముందు ఆమె తలుపు దగ్గర ఆగి, నా వైపు తిరిగి ఇంగ్లీషులో "థాంక్యూ ఫర్ ద ఫుడ్" అంది. మర్యాదగానే అంది. దుకాణంలో చిల్లర తీసుకున్నాక అనే మాట అది. గోడకున్న కీ సేఫ్ ఇక అవసరం లేదని, దాన్ని పీకించెయ్యమని కూడా చెప్పింది.

ఆ తర్వాత రెండుసార్లు వచ్చింది. కాఫీ ఇచ్చాను, తాగింది. కప్పు బల్ల మీద పెట్టి థాంక్యూ అంది. నేను వెల్‌కమ్ అన్నాను.

పొట్లకాయ పేరుతో ధన్యవాదం చెప్పడం ఈ ఇంట్లో ఇప్పుడు లేదు.